ఇంకో ఆట వేద్దామా?

పోయిన వేసవిలో మా చెల్లెలి కొడుకు హైదరాబాదు నుంచి మల్లట్ వచ్చి మా ఇంట్లో పదిహేను రోజులున్నాడు. ఇంజనీరింగు చదువుతున్న కుర్రాడు. రాయచూరు జిల్లా ఎండల సంగతి ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కర లేదు. పొద్దు వాలేదాకా గడప దాటే వీలు లేక, వసారాలో ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని ఆటలాడుతూ కూర్చునేవాడు. నేను పక్కన పడక్కుర్చీలో పేపరు చదువుతున్నట్టు నటిస్తూ ఓరకంట చూస్తుండేవాణ్ణి.

నాలుగు రోజులు చూశాక వాడు ఆడేవి రెండు రకాల ఆటలని తెలిసింది. మొదటి దాంట్లో ఆకాశం నుంచి చూసినట్టు నేల అంతా కనిపిస్తుంది. నలుగురైదుగురు మనుషులతో ఊరు మొదలుపెట్టి, పొలాలు వేసి, కట్టెలు కొట్టించి, రాళ్ళు తవ్వించి, సైన్యాన్ని పెంచి, పక్క రాజు మీదికి పంపాలి. పేరు ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ రెండో భాగం. 1999లో వచ్చిందట, అంటే వీడి కన్నా వయసులో పెద్దది. ఇలాంటివాటిని స్ట్రాటజీ ఆటలంటారు. మనం వ్యూహపుటాటలు అనుకోవచ్చు. రెండో రకంలో మనకు రాజ్యం ఉండదు. ఒక్క మనిషి ఉంటాడు. ఆ మనిషి వేషం మనం కట్టుకోవాలి. కత్తి పట్టుకుని ఊళ్ళూ అడవులూ తిరగాలి, దెబ్బలాడాలి, దారిలో కనిపించినవాళ్ళతో మాట్లాడాలి, వాళ్ళడిగినదానికి జవాబు చెప్పాలి. కథ నడిచే కొద్దీ మన మనిషి బలం పెరుగుతుంది. వీటికి యాక్షన్ రోల్ ప్లేయింగ్ అని పేరు. మన భాషలో వేషపుటాటలు.

"ఒరేయ్, ఆడిందే ఆడతావు, విసుగు పుట్టదట్రా?" అన్నాను ఒకరోజు.

"ఈ రాజ్యాల ఆట వెయ్యిసార్లయినా ఆడొచ్చు మామయ్యా, ఏ రెండుసార్లూ ఒకలా ఉండదు. ఆ కత్తి ఆటయితే కథ అయిపోతే అయిపోయినట్టే. మహా అయితే వేషం మార్చి ఇంకోసారి ఆడతాం" అన్నాడు.

ఒక ఆట పూర్తయ్యాక మళ్ళీ ఎన్నిసార్లు ఆడాలనిపిస్తుందో, దాన్నిబట్టి ఆ ఆటకు విలువ కడతారట ఈ కుర్రాళ్ళు. వ్యూహపుటాటలకు ఆ విలువ ఎక్కువనీ, వేషపుటాటలకు తక్కువనీ వాడి తీర్పు. ఆ తీర్పు నన్ను చాలా రోజులు వదల్లేదు. మనిషి ఒక పనిని మళ్ళీ ఎందుకు చెయ్యాలనుకుంటాడు? మళ్ళీ చెయ్యడంలో అతనికి దొరికేదేమిటి? పిల్లల ఆటలో పుట్టిన ప్రశ్నే గాని, పిల్లలకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదనిపించింది.

మా వాడి జవాబు లెక్కల జవాబు. దారులెన్ని ఎక్కువుంటే విలువ అంత ఎక్కువ. అందులో నిజం లేకపోలేదు. క్లాడ్ షానన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1950లో చదరంగం గురించి రాస్తూ, సాధ్యమయ్యే ఆటల సంఖ్య ఒకటి పక్కన 120 సున్నాలు పెడితే వచ్చేంత ఉంటుందని అంచనా కట్టాడు. 1991లో సిడ్ మైయర్ తయారుచేసిన ‘సివిలిజేషన్’ అనే వ్యూహపుటాటలో ప్రతిసారీ కొత్త భూగోళమే పుట్టించవచ్చు. సముద్రం ఎక్కడుందో, పొరుగు రాజు ఎవరో ముందు తెలియదు. అలాంటిది పాతబడకపోవడంలో వింతేముంది?

కాని ఈ లెక్క పూర్తిగా కుదరదు. 2007లో కెనడా శాస్త్రజ్ఞులు చెకర్స్ ఆటను కంప్యూటరుతో తుదిదాకా తేల్చేశారు. ఇద్దరూ ఒక్క తప్పూ చెయ్యకుండా ఆడితే ఎవరూ గెలవరని రుజువు చేశారు. అంటే ఆ ఆటలో ఇక రహస్యం లేదు. అయినా చెకర్స్ ఆడేవాళ్ళు బల్లలు మడిచి అటక మీద పెట్టలేదు. ఇక రెండోవైపు చూడండి. మన పద్యనాటకంలో ఉన్నది ఒకే దారి. కృష్ణరాయబారం ఫలించదని పసిపిల్లవాడికి కూడా తెలుసు. అయినా తిరుపతి వెంకట కవుల ‘పాండవోద్యోగం’ ఆడుతుంటే తెల్లవార్లూ కూర్చున్నారు మన పెద్దలు. కూర్చోవడమే కాదు, పద్యం పూర్తికాగానే "వన్స్ మోర్!" అని కేకలు పెట్టారు. కృష్ణ వేషధారి కథను అక్కడే ఆపి, అదే పద్యం, అదే రాగంలో మళ్ళీ అందుకునేవాడు. రాయబారం మధ్యలో కృష్ణుడు ఒకే మాట రెండుసార్లు చెబుతున్నాడేమిటని దుర్యోధనుడు కూడా అడగలేదు! దారులు ఒకటే అయిన చోట మళ్ళీ కావాలన్న కోరిక ఎక్కడినుంచి వచ్చింది? కాబట్టి దారుల లెక్క సగం జవాబే.

తక్కిన సగం ఎక్కడుందో నాకు మరో రోజు మధ్యాహ్నం కనిపించింది.

మా వాడు కత్తి ఆట ఆడుతున్నాడు. వాడి వీరుడితో పాటు చాలా దూరం నడిచి వచ్చిన స్నేహితుడొకడు ఏదో అడిగాడు. తెర మీద మూడు జవాబులు కనిపించాయి. వీడు తొందరలో కటువైనది నొక్కాడు. ఆ స్నేహితుడు ఒక్క క్షణం నిలబడి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. నాకు నిజంగా బాధేసింది. వీడు మాత్రం "అరె" అని, రెండు మీటలు నొక్కాడు. ఐదు నిమిషాల కిందటి ఆట తిరిగి వచ్చింది. అదే స్నేహితుడు, అదే ప్రశ్న. ఈసారి మెత్తని జవాబు నొక్కాడు. ఇద్దరూ కలిసి ముందుకు నడిచారు.

"అదేమిట్రా?"

"ఇందాకే సేవ్ చేసి పెట్టుకున్నాను మామయ్యా. తప్పయితే వెనక్కి లోడ్ చేసుకోవడమే. మీరయితే ఏ జవాబు చెప్పేవాళ్ళు?"

నేను పేపరు పైకెత్తుకున్నాను. ఎందుకు ఎత్తుకున్నానో చివర చెబుతాను.

ఆ రాత్రి వాడితో మాట్లాడితే ఇంకో సంగతి తెలిసింది. ఈ వెనక్కి తీసుకునే సౌకర్యం ఆటలు తయారుచేసేవాళ్ళను కూడా చాలాకాలంగా వేధిస్తున్నదే. 1980లో కాలిఫోర్నియా విద్యార్థులు ‘రోగ్’ అని ఒక ఆట తయారుచేశారు. అందులో బొమ్మలు కూడా లేవు, వీరుడంటే ఒక అక్షరం. కాని అందులో చస్తే చచ్చినట్టే. మొదటినుంచి మొదలుపెట్టాలి, గుహ కూడా కొత్తది వస్తుంది. ఆ వంశంలో పుట్టినదే 1996 చివర వచ్చిన ‘డయాబ్లో’. దాన్ని మొదట చదరంగంలా ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేసే ఆటగా అనుకుని, తయారీ మధ్యలో ఆగకుండా సాగే కత్తి ఆటగా మార్చారు. అంటే మా వాడు వేరువేరు అనుకునే రెండు కులాలకీ వియ్యం ఎప్పుడో కలిసింది! 2000లో వచ్చిన దాని రెండో భాగంలో, కావాలంటే ఒక్క ప్రాణంతో ఆడే పద్ధతి పెట్టారు. వంద గంటలు పెంచిన వీరుడు ఒక్క పొరపాటుతో పోతే మళ్ళీ రాడు. అంత కష్టాన్ని కోరి నెత్తికెత్తుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. 2007లో పోలండువాళ్ళు తెచ్చిన ‘ది విచర్’ అనే వేషపుటాటలో మరో ఉపాయం చేశారు. మనం ఇవాళ చెప్పిన జవాబుకు ఫలితం ఎన్నో గంటల ఆట తర్వాత గాని బయటపడదు. అప్పుడు వెనక్కి వెళ్దామన్నా అంత దూరం వెళ్ళే ఓపిక ఎవరికుంటుంది? చేసినదానితో బతకాల్సిందే.

ఇది వినగానే నాకు చదరంగం నియమం గుర్తొచ్చింది. ముట్టుకున్న పావును కదపాలి. కదిపి చెయ్యి తీస్తే వెనక్కి లేదు. ఎందుకంత కాఠిన్యం? వెనక్కి తీసుకోవచ్చంటే ఆట ఎన్నటికీ పూర్తి కాదు కాబట్టి. పూర్తికాని దాన్ని మళ్ళీ ఆడడమనే మాటే లేదు. 2024 డిసెంబరులో న్యూయార్కులో జరిగిన ప్రపంచ ర్యాపిడ్ పోటీలో మన కోనేరు హంపి మొదటి ఆటే ఓడిపోయింది. ఆ ఓటమి పట్టికలో అలాగే ఉండిపోయింది. దాన్ని అక్కడే ఉంచి, 11 ఆటల్లో ఎనిమిదిన్నర పాయింట్లు తెచ్చుకుని, 2019 తర్వాత రెండోసారి విజేత అయింది. మొదటి ఆటను చెరిపేసి ఉంటే ఆ గెలుపుకు అంత రుచి ఉండేది కాదు.

కాబట్టి చెరపడం వేరు, మళ్ళీ ఆడడం వేరు. మా వాడు చేసినది చెరపడం. ఐదు నిమిషాల కిందటికి వెళ్ళి మరో జవాబు నొక్కినవాడికి కటుమాట ఖరీదు తెలియదు. మెత్తని మాట విలువా తెలియదు. మూడు జవాబులూ తిప్పి చూసి లాభమైనది ఏరుకున్నవాడు ఆ స్నేహితుడితో మాట్లాడినట్టా, బజారులో బేరమాడినట్టా? వేషపుటాటకు మళ్ళీ ఆడే విలువ తక్కువంటే, అది ఆ ఆట తప్పు కాదేమో. మొదటిసారే అన్ని దారులూ తొక్కి చూసేస్తే రెండోసారికి ఏం మిగులుతుంది?

ఈ సంగతి మన నేల మీద నిలబడి ఆలోచిస్తే ఇంకా బాగా తెలుస్తుంది. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న మన అంతర్వేదిని మించిన వ్యూహపుటాట బల్ల దక్షిణదేశంలో లేదు. బహమనీలూ విజయనగరమూ దీనికోసం తరతరాలు పోట్లాడుకున్నారు. 1520లో రాయచూరు దగ్గర కృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించి కోట పట్టుకున్నాడు. 45 ఏళ్ళకు, 1565లో, రక్కసితంగడి యుద్ధంలో అళియ రామరాయల తల తెగింది, హంపీ పాడుబడింది. ఇప్పటికీ హంపీ వెళ్తే మండపాల రాతినేల మీద ఆనాటివాళ్ళు చెక్కుకున్న ఆటల గళ్ళు కనిపిస్తాయి. ఆ గళ్ళ దగ్గర ఓడినవాడు "ఇంకో ఆట వేద్దామా?" అని ఉంటాడు. రక్కసితంగడిలో ఓడినవాడికి ఆ మాట అనే వీలు లేకపోయింది.

వీలు లేకనే కాబోలు, దాన్ని నాటకంగా ఆడుకున్నారు మనవాళ్ళు. మన పక్క బళ్ళారిలో కోలాచలం శ్రీనివాసరావుగారు విజయనగర పతనం మీద ‘రామరాజు చరిత్ర’ రాస్తే, వృత్తికి వకీలైన బళ్ళారి రాఘవ అందులో పఠాన్ రుస్తుం వేషంతో గొప్ప పేరు తెచ్చుకున్నాడు. విజయనగర శిథిలాలకు అంత దగ్గర ఊళ్ళో, ఆ నగరం కూలిన కథ చూడడానికి జనం టిక్కెట్టు కొని వెళ్ళారంటే ఏమనుకోవాలి? ఈసారైనా రామరాజు గెలుస్తాడేమోనని కాదు కదా. ఒక తెలుగువాడు పఠాను వేషంలో నిలబడి ఆ మనిషి కోపమూ దుఃఖమూ తనవిగా మాట్లాడుతుంటే, జరిగిపోయినదాన్ని ఇంకో పక్కనుంచి చూశారు. ఒకే దారి ఉన్న కథను మళ్ళీ చూడడంలో దొరికేది అదే. దారి మారదు. మనం కూర్చునే చోటు మారుతుంది.

ఇప్పుడు మా పులిజూదం సంగతి చెప్పాలి. కన్నడంలో ఆడు హులి ఆట అంటారు. ఒక త్రికోణం, దానిమీద అడ్డగీతలు, 23 కూడళ్ళు, 3 పులులు, 15 మేకలు. ఊరూరికీ ఈ లెక్కలో కాస్త తేడా ఉండవచ్చు. పులి మేక మీదుగా దూకితే మేక పోతుంది. పులులు కదలలేకుండా మేకలు దారులన్నీ కట్టేస్తే పులులు ఓడిపోతాయి. చదరంగంలోలాగా ఇద్దరికీ సమాన సైన్యం ఉండదు. ఒకడికి బలం, ఒకడికి మంద. తుంగభద్ర కాలువ నీళ్ళ మీద ఆశతో గుంటూరు వైపు నుంచి వచ్చిన మా నాన్నగారు మా అన్నయ్యకూ నాకూ అరుగు మీద బొగ్గుతో గీసి ఈ ఆట నేర్పారు. గులకరాళ్ళు పులులు, చింతపిక్కలు మేకలు. ఆయన పెట్టిన నియమాలు రెండే. వేసిన ఎత్తు వెనక్కి తియ్యకూడదు. ఒక ఆటలో పులులు పట్టినవాడు తర్వాతి ఆటలో మేకలు పట్టాలి. రెండో నియమం కోసం ఇద్దరం లేచి, అటువాడు ఇటూ ఇటువాడు అటూ కూర్చునేవాళ్ళం. మేకలుగా ఆడి చూస్తే గాని, ఇందాక మన పులి ఎక్కడ తప్పు చేసిందో తెలిసేది కాదు.

వ్యూహపుటాటా వేషపుటాటా అని మనం విడదీసినవి రెండూ ఆ అరుగు మీద ఒక్కటిగా ఉన్నాయి. వ్యూహం తెలియాలంటే వేషం మార్చాలి. ఒక్క వ్యూహమే నేర్చినవాడికి ఎదుటివాళ్ళంతా పావుల్లా కనిపిస్తారు. ఎత్తు వెనక్కి తీసుకునే ఆటలో ఒక్క వేషమే కట్టినవాడికి పశ్చాత్తాపమంటే ఏమిటో తెలియదు. రెండు నియమాలూ కలిసి ఉన్నచోటే మళ్ళీ ఆడడానికి అర్థముంది.

ఇంత తెలిసినవాణ్ణి నేనేం చేశానో చెబుతాను. మావి కాలువ చివరి భూములు. అన్నయ్య మడి పైన, నాది కింద. ఒక ఏడు చివరికి నీళ్ళు సరిగ్గా అందలేదు. నా వంతు రోజున పిల్లకాలువలో నీళ్ళు రాలేదు. వెళ్ళి చూస్తే అన్నయ్య మడిలోకి తూము తీసి ఉంది. నా వరి పొట్ట మీదుంది. నలుగురి ముందు "దొంగ" అన్నాను. ఆయన ఒక్క క్షణం నిలబడి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. తర్వాత పదేళ్ళు మా మధ్య మాటల్లేవు. ఆ పదేళ్ళలో ఏ సాయంత్రమైనా ఆయన అరుగు ఎక్కి కూర్చుని ఉండవచ్చు. కూర్చోలేదు. మూడేళ్ళ కింద ఆయన పోయాడు. దినకర్మ అయ్యాక వదిన చెప్పింది: ఆ ముందురోజు ఆయన వంతులో కూడా నీళ్ళు రాలేదట, ఆయన వరి కూడా పొట్ట మీదే ఉందట. అది నాకు తెలియనిది కాదు. కాలువ ఇద్దరికీ ఒక్కటే. నేను మేకల పక్క కూర్చుని చూడలేదు, అంతే.

"మీరయితే ఏ జవాబు చెప్పేవాళ్ళు?" అని మా వాడు అడిగినప్పుడు పేపరు ఎత్తుకున్నది ఇందుకే.

ఆ పదేళ్ళు వెనక్కి రావు. అయితే మళ్ళీ ఆడడమన్నదే లేదా అంటే, ఉంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. వారం రోజులు మన నీళ్ళు కళ్ళముందే పోయాయి. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడుగారి ఆధ్వర్యంలో పారే నీటిలోనే అడ్డుపలకలు దించి ప్రవాహం ఆపారు. ఆ తర్వాత వానలు కరుణించి జలాశయం నిండింది. పోయిన నీళ్ళు తిరిగి రాలేదు, కొత్త నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళతోనే మళ్ళీ సేద్యం చేశాం. సేద్యగాడికి ఇంతకన్నా వేరే రకం ‘మళ్ళీ’ తెలియదు. నా మటుకు నేను కిందటి ఏటినుంచి, నీళ్ళు తక్కువైనప్పుడు ముందుగా అన్నయ్య కొడుకు గట్టు మీదికి వెళ్ళి, అక్కడినుంచి నా మడి వైపు చూస్తున్నాను. అక్కడినుంచి చూస్తే నా మడి అంత ముఖ్యంగా కనిపించదు.

మా వాడు తిరిగి వెళ్ళే ముందురోజు కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ కూడా ఆరిపోయింది. అరుగు మీద బొగ్గుతో గీసి, పులులు వాడికిచ్చాను. పది నిమిషాల్లో ఒక పులిని కట్టేశాను. వాడు చప్పున చెయ్యి చాపి, "ఒక్క ఎత్తు వెనక్కి మామయ్యా" అన్నాడు.

"చెల్లదు" అన్నాను.

తల గోక్కున్నాడు. మిగతా రెండు పులులతో చాలాసేపు పోరాడి ఓడిపోయాడు. చింతపిక్కలన్నీ దగ్గరికి లాక్కుంటూ, "అయితే ఇంకో ఆట వేద్దాం. ఈసారి మేకలు నావి" అన్నాడు.

ఇద్దరం లేచి పక్కలు మార్చుకుని కూర్చున్నాం.